మీ ప్రోబ్ టీఆర్‌ఎల్ 6 ఎందుకు కాదు, అక్కడిదాకా ఎలా తీసుకెళ్లాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది తిరుపతిలో ఇంజినీరింగ్ కాలేజీ. ఈసీఈ ఫైనల్ ఇయర్ వాళ్లం, ఫిజిక్స్ పీజీ మిత్రులతో కలిసి అయనావరణంలో (ఎండ వల్ల ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివడి తిరిగే ఎగువ వాతావరణం) ఎలక్ట్రాన్ల సాంద్రత కొలిచే చిన్న లాంగ్మ్యూర్ ప్రోబ్ తయారుచేశాం. బెల్‌జార్‌లో (గాలి తీసేసే గాజు పాత్ర) ఆర్గాన్ ప్లాస్మా, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన ఆర్గాన్ వాయువు, పెట్టి చూస్తే బాగా పనిచేసింది. ఒక్కో స్వీప్‌కు (వోల్టేజీని ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా మార్చడం) ఒక సెకను పడుతుంది. ఇలాంటి ప్రోబ్ చంద్రయాన్-3లో వెళ్లింది కాబట్టి ప్రతిపాదనలో టీఆర్‌ఎల్ 6 అని రాశాం. సమీక్షలో '3, మహా అయితే 4' అని తిప్పి పంపారు. చాలా టెన్షన్‌గా ఉంది. తేడా ఎక్కడుంది? తక్కువ డబ్బుతో ముందు ఏ పరీక్షలు చేయాలి? పోయెం (రాకెట్ చివరి దశ మీద ఉండే ప్రయోగాల వేదిక) మీద అవకాశానికి ఇప్పుడే అప్లై చేయొచ్చా?"

పేలోడ్ల పరీక్షల పనిలో చాలా కాలంగా ఉన్నాను. ఇలాంటి ప్రతిపాదనలు చదివే కమిటీల్లోనూ కూర్చున్నాను. అందుకే కాస్త విపులంగా రాస్తున్నాను. సమీక్షకులు చెప్పింది సరైనదే. మీరు చేసిన పని కూడా మంచిదే. డిగ్రీ స్థాయిలో పనిచేసే ప్రోబ్‌ను చేతికి తెచ్చుకోవడం చిన్న విషయం కాదు, ముందు టెన్షన్ పక్కన పెట్టండి.

టీఆర్‌ఎల్ అంటే ఒక సాంకేతికత ఎంత సిద్ధంగా ఉందో చెప్పే మెట్ల వరుస, 1 నుంచి 9 దాకా. 1974లో నాసాలో స్టాన్ సాడిన్ ఏడు మెట్లతో దీన్ని మొదలుపెట్టారు. తర్వాత తొమ్మిదయ్యాయి. 2013లో ఐఎస్‌ఓ 16290 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. అన్ని మెట్లూ ఇక్కడ చెప్పను, మీకు కావాల్సింది మధ్యలో ఉన్న నాలుగే. 3 అంటే మూలసూత్రం మీ చేతుల్లో పనిచేస్తుందని ప్రయోగంతో తేలింది. 4 అంటే విడిభాగాలను కలిపి ల్యాబ్‌లో నడిపించారు. 5 దగ్గర లెక్క మారిపోతుంది. అక్కడి నుంచి పరికరం తను నిజంగా ఉండబోయే చోటికి సరిపోలే పరిస్థితుల్లో (దీన్నే "సంబంధిత వాతావరణం" అంటారు) పనిచేసి చూపాలి. 5కు ముఖ్యభాగం చాలు. 6కు మొత్తం వ్యవస్థ, అదీ ఎగరబోయే రూపానికి దగ్గరగా ఉన్నది, ఆ పరిస్థితులను తట్టుకోవాలి. 7 దగ్గర నమూనాను అసలు పనిచేయబోయే పరిస్థితుల్లోనే, వీలైతే అంతరిక్షంలోనే, చూపాలి.

కాబట్టి "పనిచేసింది" అన్న మాట ఒక్కటే చెబితే ఏ మెట్టూ తేలదు. ఎక్కడ పనిచేసింది, ఏ పరిస్థితిలో, ఎంత కచ్చితంగా, ఎగరబోయేదానికి అది ఎంత దగ్గరగా ఉంది, ఈ నాలుగూ పక్కన ఉంటేనే ఆ అంకెకు అర్థం. మీ ప్రతిపాదనలో అంకె ఉంది, ఈ నాలుగూ లేవు. నేను చూసిన తిరస్కరణల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇక చంద్రయాన్-3 వాదన. ఆ ల్యాండర్‌లో ఉన్నది రంభ-ఎల్పీ, తిరువనంతపురంలో వీఎస్‌ఎస్‌సీకి చెందిన స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ వాళ్లు చేసింది. సూత్రం మీదీ వాళ్లదీ ఒకటే: ప్లాస్మాలో లోహపు ముక్క పెట్టి, దానికిచ్చే వోల్టేజీ మారుస్తూ ఎంత కరెంట్ వస్తుందో చూడటం. కానీ అది కొలిచిందేమిటి? చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో నేలకు దగ్గరగా ఘనపు మీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల ఎలక్ట్రాన్లు. పట్టపగలు మన నెత్తిమీద అయనావరణంలో ఎలక్ట్రాన్లు అన్నిటికన్నా దట్టంగా ఉండే ఎఫ్ పొరలో అదే ఘనపు మీటరుకు లక్ష కోట్ల దాకా ఉంటాయి. అంటే ముప్పై వేల నుంచి రెండు లక్షల రెట్ల తేడా. డిబై దూరం, అంటే ప్లాస్మాలో ఒక విద్యుదావేశం ప్రభావం ఎంత దూరం దాకా ఉంటుందో, లెక్క వేసుకోండి. అయనావరణంలో అది కొన్ని మిల్లీమీటర్లు, చంద్రుడి దగ్గర మీటరు స్థాయికి పోతుంది. ప్రోబ్ చుట్టూ ఏర్పడే తొడుగు (విద్యుత్ సమతూకం చెదిరి ఉండే ప్రాంతం) మందం, ప్రోబ్‌ను దూరంగా పట్టి ఉంచే బూమ్ ఎంత పొడవుండాలన్నది, యాంప్లిఫయర్ పరిధి, ఎండకు లోహం నుంచి వచ్చే ఫోటో ఎలక్ట్రాన్ల వాటా అన్నీ మారిపోతాయి. పక్క పొలంలో ఎనిమిది వందల అడుగులకు నీళ్లు పడ్డాయని మన పొలంలో కూడా పడతాయని మన చిత్తూరు జిల్లా రైతు ఎవరూ రాసివ్వరు కదా. వేరే పరికరం వేరేచోట గెలిస్తే మీకు దక్కేది ధైర్యం, కొన్ని డిజైన్ పాఠాలు. టీఆర్‌ఎల్ మాత్రం బదిలీ కాదు. అదే డిజైన్ అయినా సరే, కొత్త వాతావరణంలోకి తీసుకెళ్తే మెట్టు కిందికి దిగి మళ్లీ ఎక్కాలి. ఆ నియమం పెద్ద సంస్థలకూ వర్తిస్తుంది.

ఈ మాట ఎంత బరువైనదో అంగారకుడి మీది ఇన్‌సైట్ చెబుతుంది. 2018 నవంబర్‌లో దిగిన ఆ ల్యాండర్‌లో జర్మనీ వాళ్లు చేసిన ఒక "మోల్" ఉంది. దాదాపు 40 సెంటీమీటర్ల పొడవున్న మేకు లాంటి పరికరం. తనను తానే సుత్తితో కొట్టుకుంటూ నేలలోకి కనీసం మూడు మీటర్లు దిగి లోపలి వేడిని కొలవాలి. భూమ్మీద ఇసుక తొట్లలో దాన్ని బాగానే పరీక్షించారు. అక్కడ నేల పైపొర అట్టకట్టుకుని ఉంది. మోల్ చుట్టూ గుంత పడింది, ఒరుసుకునే పట్టు దొరకలేదు, వెనక్కి తన్నుకుంది. రెండేళ్ల ప్రయత్నం తర్వాత 2021 జనవరిలో వదిలేశారు. తయారీ నాసిరకం అని ఎవరూ అనరు. పరీక్షించిన నేల, అసలు నేల ఒకటి కాలేదు, అంతే. "సంబంధిత వాతావరణం" అనే రెండు మాటల వెనుక ఇంత ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ మనదే. 2019లో విక్రమ్ కూలిన తర్వాత చంద్రయాన్-3కి ఏం చేశారో చూడండి. ఏది ఎలా తప్పొచ్చు అన్న వైపు నుంచి డిజైన్ మొదలుపెట్టారు. దిగే చోటు 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్లు × 2.4 కిలోమీటర్లకు పెంచారు. కాళ్లు సెకనుకు 3 మీటర్ల వేగాన్ని తట్టుకునేలా చేశారు. లేజర్ డాప్లర్ వేగమాపకం చేర్చారు. సెన్సర్లను హెలికాప్టర్‌కు కట్టి తిప్పారు, ఇంజిన్లు మండుతున్న నమూనాను క్రేన్‌కు వేలాడదీసి చూశారు, కాళ్లను చంద్రుడి మట్టిలాంటి పొడి మీద పడేసి చూశారు. చంద్రయాన్-2 కాలంలోనే ఆ పొడి కోసం తమిళనాడులో నామక్కల్ దగ్గరి సిత్తంపూండి, కున్నమలై ఊళ్ల అనార్థోసైట్ రాయి తెచ్చారు. ప్రతి పరీక్షా "అక్కడ ఇలా ఉంటుంది" అన్న ఒక నిర్దిష్టమైన వాక్యానికి జవాబు. మీ పరీక్షలూ అలా ఉండాలి.

ఇప్పుడు మీ పరికరం దగ్గరికి వద్దాం. పరీక్షల కన్నా ముందు ఒక పని మిగిలింది: దేన్ని తెలుసుకోవడానికి ఇది పైకి వెళ్తోంది? "అయనావరణాన్ని అధ్యయనం చేయడానికి" అని రాశారు. అది సరిపోదు. మనం ఉన్న అక్షాంశాల్లో సూర్యాస్తమయం తర్వాత ఎఫ్ పొరలో ప్లాస్మా బుడగలు లేస్తాయి. లోపల సాంద్రత వంద రెట్లు, వెయ్యి రెట్లు పడిపోవచ్చు. జీపీఎస్, దాని లాంటి మన నావిక్ సంకేతాలు మిణుకుమిణుకుమనేది వీటివల్లే. వీటిని చూడటమే లక్ష్యం అనుకుందాం. 350 కిలోమీటర్ల ఎత్తులో పోయెం లాంటి వేదిక సెకనుకు 7.7 కిలోమీటర్లు పోతుంది. మీ స్వీప్‌కు ఒక సెకను. అంటే స్వీప్ మొదలైన చోటుకూ ముగిసిన చోటుకూ మధ్య 7.7 కిలోమీటర్ల దూరం. ఈలోపు బుడగ అంచు ఒకటి దాటిపోతే వోల్టేజీతో కరెంట్ ఎలా మారిందో చూపే వక్రరేఖ మొదటి సగం ఒక ప్లాస్మాది, రెండో సగం ఇంకో ప్లాస్మాది అవుతుంది. దాన్నుంచి లెక్కగట్టిన ఉష్ణోగ్రతకు అర్థం ఉండదు. వంద మీటర్ల నిర్మాణాలు కనబడాలంటే ప్రతి వంద మీటర్లకు రెండేసి చొప్పున సెకనుకు కనీసం 154 కొలతలు కావాలి. కాబట్టి ఎక్కువ సేపు స్థిర వోల్టేజీ దగ్గర వేగంగా కరెంట్ తీసుకుంటూ, మధ్యమధ్యలో వేగవంతమైన స్వీప్ వేయడం మీకు సరైన పద్ధతి. చూశారా, ఒక్క సైన్స్ ప్రశ్నతో డిజైన్ మారిపోయింది. ఈ మార్పు చేయకుండా ఖరీదైన వైబ్రేషన్ టెస్ట్ చేయించి ఉంటే ఎగరని డిజైన్ మీద డబ్బు పోసినట్టయ్యేది.

కరెంట్ పరిధి కూడా ఇలాగే వస్తుంది. ఇరవై చదరపు సెంటీమీటర్ల ప్రోబ్‌కు పగటి ఎఫ్ పొరలో ఇరవై మైక్రో ఆంపియర్ల చుట్టుపక్కల వస్తుంది. రాత్రి లోతైన బుడగలో అది ఇరవై నానో ఆంపియర్లకు పడొచ్చు. ఆ రెండింటినీ ఒకే ఎలక్ట్రానిక్స్ చదవాలి. గెయిన్ మార్చుకునే రెండు దశలు పెడతారా, లాగ్ యాంప్లిఫయర్ (పెద్ద తేడాలను ఒకే స్కేలులోకి కుదించేది) పెడతారా మీ ఇష్టం. ఎందుకు ఎంచుకున్నారో మాత్రం రాయండి.

మీ పోస్టులో ఎక్కడా కనబడని ఒక విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ప్రోబ్ వోల్టేజీని దేనితో పోల్చి ఇస్తారు? ల్యాబ్‌లో గోడకు ఎర్త్ ఉంది. పైన వేదిక తనే ప్లాస్మాలో తేలుతూ తన పొటెన్షియల్ (విద్యుత్ స్థాయి) తను నిర్ణయించుకుంటుంది. ప్రోబ్ ఎలక్ట్రాన్లను లాగినప్పుడు అంతే ఆవేశాన్ని వేదిక ఉపరితలం అయాన్ల రూపంలో సేకరించి సమతూకం చేయాలి. అయాన్లు నిదానం. అందుకే ప్లాస్మాకు తగిలే వాహక ఉపరితలం ప్రోబ్ కన్నా కొన్ని వందల రెట్లు, వీలైతే వెయ్యి రెట్లు ఉండాలంటారు. లేకపోతే మీరు ప్రోబ్‌కు ఐదు వోల్టులు ఇస్తే వేదిక మూడు వోల్టులు కిందికి జారిపోతుంది, మీకేమో ప్రోబ్ ఐదు వోల్టుల దగ్గర ఉందనిపిస్తుంది. చిన్న ఉపగ్రహాల మీద లాంగ్మ్యూర్ ప్రోబ్‌లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. రాకెట్ నాలుగో దశ పెద్దది కాబట్టి పోయెం లాంటి వేదిక మీకు అనుకూలం. అయినా దాని ఉపరితలంలో ఎంత భాగం బయటికి వాహకంగా ఉందో, ఎంత భాగం ఇన్సులేషన్ కప్పేసిందో అడిగి తెలుసుకోవాలి. వేదిక పొటెన్షియల్‌ను విడిగా కనిపెట్టే చిన్న తేలియాడే ప్రోబ్ ఒకటి పక్కన పెడితే ఇంకా మంచిది.

ఇక తక్కువ డబ్బుతో పరీక్షలు. నా సలహా, ఖర్చు తక్కువగా ఉండి డిజైన్‌ను త్వరగా విరగ్గొట్టే పరీక్ష ముందు చేయండి. సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష చివర.

ప్లాస్మా అవసరమే లేకుండా మొదలుపెట్టొచ్చు. ప్రోబ్ బదులు పెద్ద రెసిస్టర్లు, కచ్చితమైన కరెంట్ సోర్స్ పెట్టి ఎలక్ట్రానిక్స్ ఒక్కదాన్నే పరిధి మొత్తం నడపండి. తర్వాత దాన్ని ఓవెన్‌లోనూ చల్లటి చాంబర్‌లోనూ పెట్టి మళ్లీ అదే చేయండి. ఆఫ్‌సెట్ ఉష్ణోగ్రతతో ఎంత జారుతోందో పట్టిక వేయండి. మన ఊళ్లో ఇంకో చిక్కుంది. అక్టోబర్, నవంబర్ వానల్లో గాలిలో తేమ ఎక్కువై బోర్డు ఉపరితలం మీదుగా లీకేజీ కరెంట్ పోతుంది. నానో ఆంపియర్ల దగ్గర అది మీ సంకేతాన్ని మింగేస్తుంది. సోల్డర్ ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడగండి, ఇన్‌పుట్ చుట్టూ గార్డ్ రింగ్ (లీకేజీని అడ్డుకునే రాగి గీత) వేయండి, తేమ శాతం కూడా లాగ్‌బుక్‌లో రాయండి. లేకపోతే మేలో ఒక కాలిబ్రేషన్, నవంబర్‌లో ఇంకొకటి వస్తుంది, తేడా ఎందుకో ఎవరికీ తెలియదు.

తర్వాత వాక్యూమ్, వేడి రెండూ కలిపి. గాలి లేనిచోట రెగ్యులేటర్ వేడి పోవడానికి దారి ఉండదు. బల్ల మీద గోరువెచ్చగా ఉన్న చిప్ అక్కడ కాలిపోతుంది. 350 కిలోమీటర్ల దగ్గర సుమారు గంటన్నరకోసారి పగలూ రాత్రీ వస్తాయి కాబట్టి వేడి, చలి చక్రాలు పదేపదే తిప్పాలి, ప్రతి చక్రంలోనూ పరికరం ఆన్‌లో ఉండి కొలుస్తూ ఉండాలి. ఆపేసి పెట్టి, బయటికి తీశాక ఆన్ చేసి "పనిచేస్తోంది" అనడం సగం పరీక్షే. వాడే జిగుర్లు, వైర్ల తొడుగులు వాక్యూమ్‌లో ఆవిర్లు వదలకూడదు. 125 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే బరువు నష్టం 1 శాతం లోపు, చల్లటి పలక మీద పేరుకునే భాగం 0.1 శాతం లోపు ఉండాలన్నది అందరూ వాడే గీటురాయి. మార్కెట్లో దొరికే మామూలు పీవీసీ వైరు వద్దు, టెఫ్లాన్ తొడుగున్నది వాడండి. స్వచ్ఛమైన తగరం పూత ఉన్న భాగాలూ వద్దు. వాటి మీద సన్నటి మీసాలు మొలిచి షార్ట్ చేస్తాయి. 1998లో గెలాక్సీ-4 అనే సమాచార ఉపగ్రహం పోవడానికి చెప్పిన కారణం ఇదే.

ప్రోబ్ ఉపరితలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని మీద వేలిముద్ర జిడ్డో, వాక్యూమ్‌లో ఎగిరొచ్చిన ఆవిరి పొరో ఉంటే వోల్టేజీ పెంచుతూ వెళ్లినప్పుడు ఒక వక్రరేఖ, తగ్గిస్తూ వచ్చినప్పుడు ఇంకో వక్రరేఖ వస్తాయి. కాబట్టి ప్రతి స్వీప్ పైకీ కిందికీ రెండు వైపులా వేసి పోల్చండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడకపోతే ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత నమ్మొద్దు. ఈ ఎత్తుల్లో పరమాణు ఆక్సిజన్ వెండిని తినేస్తుంది, బంగారు పూతో టైటానియం నైట్రైడ్ పూతో వాడేది అందుకే. ఈ ఒక్క పైకీకిందికీ పరీక్ష మీ ప్రతిపాదనలో కనబడి ఉంటే సమీక్షకుడికి మీమీద సగం నమ్మకం వచ్చేసేది.

ప్లాస్మాలో మళ్లీ పరీక్షించేటప్పుడు మీ ప్రోబ్‌ను ఇంకో పద్ధతితో పోల్చండి. మీ ప్రోబ్ చెప్పింది మీ ప్రోబ్‌తోనే సరిచూసుకుంటే ఏమీ తేలదు. ఐఐటీ తిరుపతిలోనూ ఐసర్‌లోనూ ఎస్వీ యూనివర్సిటీలోనూ వాక్యూమ్, ప్లాస్మా పరికరాలు ఎవరి దగ్గరున్నాయో మీ గైడ్ గారి ద్వారా అడగండి. గాంధీనగర్ ప్లాస్మా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పనంతా ఇదే. అడిగితే కాదనే వాళ్ల కన్నా సాయం చేసే వాళ్లే ఎక్కువ, నా అనుభవం అంతే.

రేడియేషన్ గురించి భయం ఎక్కువ పెట్టుకోవద్దు, పూర్తిగా వదిలేయొద్దు. తక్కువ ఎత్తులో కొన్ని నెలల ప్రయోగానికి మొత్తం మోతాదు పెద్ద సమస్య కాదు. ఒక్క కణం వచ్చి చిప్‌ను లాచప్‌లోకి (హద్దు మీరి కరెంట్ లాగుతూ ఇరుక్కుపోయే స్థితి) తోసేయడం సమస్య. కరెంట్ హద్దు దాటగానే కట్ చేసి మళ్లీ ఆన్ చేసే సర్క్యూట్, వాచ్‌డాగ్ టైమర్ (ప్రోగ్రామ్ ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టేది) తప్పనిసరి. ఇన్‌జెన్యుటీ హెలికాప్టర్‌లో నాసా ఫోన్లలో వాడే స్నాప్‌డ్రాగన్ 801 చిప్పే పెట్టింది. ఐదు ఎగురుళ్ల కోసం చేస్తే 2021 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా 72 ఎగిరింది. మామూలు చిప్ వాడటం నేరం కాదు. అది పడిపోతే ఎలా లేస్తుందో ముందే ఆలోచించి ఉండాలి.

వైబ్రేషన్ గురించి ఒకటే చెబుతాను: కనెక్టర్లు, పొడవాటి కాళ్లున్న కెపాసిటర్లు, స్క్రూలు. విరిగేవి ఇవే. జిగురుతో కదలకుండా పట్టించండి.

బూమ్ మాత్రం వేరే కథ. ప్రోబ్‌ను వేదిక తొడుగు నుంచి, దాని వెనుక ఏర్పడే ఖాళీ నుంచి బయటికి జరపాలంటే బూమ్ కావాలి, ప్రయోగమప్పుడు అది మడిచి ఉండాలి, పైన విచ్చుకోవాలి. మీ పోస్టులో "బూమ్ తర్వాత చేస్తాం" అని ఒక్క ముక్కలో వదిలేశారు. ఒక వ్యవస్థ టీఆర్‌ఎల్ దాని అన్నిటికన్నా వెనుకబడిన భాగానిది. ప్రోబ్ 4లో ఉన్నా, బూమ్ కాగితం మీదే ఉంటే మొత్తం 2. 1989లో వెళ్లిన గెలీలియో నౌక పెద్ద యాంటెన్నా 1991లో విచ్చుకోమంటే కొన్ని పక్కటెముకలు ఇరుక్కుపోయాయి. ఏళ్ల తరబడి నిల్వలో, ట్రక్కు ప్రయాణాల్లో కందెన అరిగిపోవడం వల్లే అని తేల్చారు. గురుగ్రహ సమాచారమంతా చిన్న యాంటెన్నాతో చాలా నిదానంగా పంపాల్సి వచ్చింది. కదిలే భాగం ఏదైనా సరే, రవాణా తర్వాత, వైబ్రేషన్ తర్వాత, చలిలో, వాక్యూమ్‌లో విచ్చుకోవాలి. వీలైతే కదలని చిన్న కడ్డీతోనే సరిపెట్టుకునే డిజైన్ చూడండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఎప్పుడూ అదే చెబుతాను.

పరీక్ష ఫలితాన్ని ఎవరు తీర్పు చెప్పాలి అన్నది పెద్ద విషయం, దీని మీద కొంచెం నిలబడతాను. హబుల్ టెలిస్కోప్ అద్దం సంగతి మీకు తెలిసే ఉంటుంది. అద్దాన్ని కొలిచే పరికరంలో ఒక కటకం ఉండాల్సిన దూరానికి 1.3 మిల్లీమీటర్లు తేడాగా అమరిపోయింది. ఆ తప్పు పరికరం చెప్పినట్టే అద్దాన్ని అద్భుతంగా నునుపు చేశారు. బాధ కలిగించే సంగతి ఏమిటంటే, అంత కచ్చితం కాని ఇంకో రెండు పరీక్షలు తేడా ఉందని చూపించాయి. ముఖ్యమైన పరికరమే సరైనదనుకుని వాటిని పక్కన పెట్టారు. 1990లో పైకి వెళ్లాక గానీ బయటపడలేదు, 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేశారు. అందుకే మూడు పనులు చేయండి. పాస్ ఎప్పుడు, ఫెయిల్ ఎప్పుడు అన్న అంకెలు పరీక్షకు ముందే రాసి సంతకం పెట్టండి. కొలతను రెండు వేర్వేరు దారుల్లో తీయండి. తయారుచేసిన వాళ్లు కాకుండా బయటి వ్యక్తి ఒకరు డేటా చూడాలి. తనకు నచ్చని ఫలితాన్ని "నాయిస్" అని తీసేయడం తయారుచేసిన వాళ్లకు ఎంత సులభమో పరీక్షల గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

6కు చేరితే పని అయిపోయిందనీ అనుకోవద్దు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు కావాల్సిన పది కొత్త సాంకేతికతలు 2007 జనవరికే టీఆర్‌ఎల్ 6 దాటినట్టు సమీక్షలో తేల్చారు. అది ఎగిరింది 2021 డిసెంబర్ 25న. మధ్యలో ఉన్న దాదాపు పదిహేనేళ్లూ కలపడం, పరీక్షించడం, సరిచేయడం, నిధుల కోసం పోరాడటం. మెట్టు ఎక్కడున్నామో చెబుతుంది కానీ మిగిలిన దారి ఎంత కష్టమో చెప్పదు. ఆ రెండోది విడిగా రాయాలి: ఏం మిగిలింది, అందులో ఏది మనకు చేయడం తెలుసు, ఏది ఎవరికీ తెలియదు, కుదరకపోతే ప్రత్యామ్నాయం ఏమిటి. మంచి సమీక్షకుడు ముందు చదివేది ఆ పేరానే.

తిరుపతిలో ఉండటం వల్ల మీకున్న లాభం మీరు వాడుకోలేదు. పాకాల దగ్గర గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ ఉంది, జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, 130 మీటర్ల చదరంలో 1024 యాగీ యాంటెన్నాలు. ఆ పౌనఃపున్యానికి తరంగదైర్ఘ్యంలో సగం అంటే సుమారు 2.8 మీటర్ల పరిమాణంలో ఉండే ప్లాస్మా అలల నుంచి ప్రతిధ్వని వస్తుంది. బుడగలు లేచిన రాత్రి రాడార్ వాటిని ఈకల్లాంటి ఆకారాలుగా చూపిస్తుంది. అయనోసోండ్ (రేడియో తరంగాలు పైకి పంపి అయనావరణం నుంచి వచ్చే ప్రతిధ్వని చూసే పరికరం) అయితే ఇంకా నేరుగా ఉపయోగం. ఎఫ్ పొర తిప్పికొట్టే గరిష్ఠ పౌనఃపున్యం 9 మెగాహెర్ట్జ్ అని వస్తే సాంద్రత ఘనపు మీటరుకు సుమారు లక్ష కోట్లు అన్నమాట. అంటే మీ ప్రోబ్ పైనుంచి దాటే నిమిషాల్లో కింద నుంచి స్వతంత్రంగా తీసిన కొలత ఉంటుంది. పొర శిఖరం ఎత్తు, మీ కక్ష్య ఎత్తు ఒకటి కాకపోవచ్చు కాబట్టి నేరుగా పోల్చకూడదు, పొర ఆకారాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అయినా అంతరిక్షంలోకి వెళ్లాక కూడా ప్రోబ్‌ను అంచనా వేసే ప్రణాళిక మీ దగ్గర ఉన్నట్టవుతుంది. దేశంలో చాలా కాలేజీలకు బస్సెక్కి వెళ్లి అడగగలిగేంత దగ్గరలో ఇలాంటి చోటు లేదు. ప్రతిపాదనలో దీనికి ఒక పేజీ ఇవ్వండి. వెళ్లేముందు అక్కడి శాస్త్రవేత్తలకు మీ సైన్స్ ప్రశ్నను పంపి, అది సరిగ్గా ఉందో లేదో ముందు అడగండి.

చివరిగా పోయెం. తెలియని వాళ్ల కోసం: పీఎస్‌ఎల్‌వీ ఉపగ్రహాలను వదిలాక ఖాళీగా మిగిలే నాలుగో దశకు విద్యుత్, నియంత్రణ ఏర్పాటు చేసి, పైనే ప్రయోగశాలగా వాడుకోవడం. పీఎస్‌ఎల్‌వీ మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచే ఎగురుతుంది. మొదటి పోయెం 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53తో వెళ్లింది. 2024 జనవరి 1న సీ58 మీద ఇంధన ఘటాన్ని పరీక్షించారు. 2024 డిసెంబర్ 30న సీ60తో వెళ్లిన పోయెం-4లో 24 పేలోడ్లున్నాయి. వాటిలో పది విద్యాసంస్థలవీ స్టార్టప్‌లవీ. అలసంద గింజలు మొలకెత్తింది అందులోనే. ప్రధాన మిషన్‌కు ముప్పు లేకుండా కొత్తదాన్ని పైన పరీక్షించే ఇలాంటి వేదికలు సాంకేతికతకు ప్రాణం లాంటివని నేను గట్టిగా నమ్ముతాను. నాసా 1998లో డీప్ స్పేస్ 1 అనే నౌకను పన్నెండు కొత్త సాంకేతికతలను పరీక్షించడానికే పంపింది. దాని అయాన్ ఇంజిన్ మొదటిసారి ఆన్ చేసిన నాలుగున్నర నిమిషాలకే ఆగిపోయింది. తర్వాత మళ్లీ అందుకుని బాగా నడిచింది, ఆ అనుభవంతో 2007లో డాన్ నౌక అలాంటి ఇంజిన్లతోనే గ్రహశకలాల వైపు వెళ్లింది. ఆ ఆగిపోవడం ప్రదర్శన నౌకలో జరిగింది కాబట్టి అందరూ నేర్చుకున్నారు.

మీరు ఇప్పుడే అప్లై చేయొచ్చా? పూర్తి అప్లికేషన్ వద్దు, సంప్రదింపు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రభుత్వేతర సంస్థల, కాలేజీల పేలోడ్లకు దారి ఇన్‌స్పేస్ ద్వారా. అహ్మదాబాద్‌లో వాళ్ల టెక్నికల్ సెంటర్‌లో పరీక్షా సౌకర్యాలు కూడా ఉన్నాయి. మొదటి మెయిల్‌లోనే వేదిక ఇంటర్‌ఫేస్ పత్రం అడగండి: ఎన్ని వోల్టులు, ఎంత కరెంట్, డేటా ఎంత వేగం, వైబ్రేషన్ స్థాయిలు, ఉష్ణోగ్రత హద్దులు, బయటి ఉపరితలంలో వాహక భాగం ఎంత, వేదిక ఏ ముఖం ముందుకు పెట్టి తిరుగుతుంది. ఆ పత్రం లేకుండా చేసే వైబ్రేషన్, థర్మల్ పరీక్షలకు అంకెలు మీరు ఊహించుకోవాల్సి వస్తుంది, ఆ ఊహ తప్పితే డబ్బు రెండోసారి పెట్టాలి.

ఈలోగా ప్రతిపాదనలో టీఆర్‌ఎల్ పేరాను ఇలా మార్చండి: "ప్రోబ్, ఎలక్ట్రానిక్స్ విడివిడిగా టీఆర్‌ఎల్ 4కు దగ్గరగా ఉన్నాయి, ఆధారం బెల్‌జార్ డేటా. స్వీప్ వేగం, కరెంట్ పరిధి 350 కిలోమీటర్ల కక్ష్యకు తగినట్టు మారుస్తున్నాం. బూమ్ టీఆర్‌ఎల్ 2, ప్రత్యామ్నాయంగా స్థిర కడ్డీ డిజైన్ ఉంది. ఉష్ణ వాక్యూమ్ పరీక్షతో 5కు, మొత్తం యూనిట్ వైబ్రేషన్, ప్లాస్మా పరీక్షలతో 6కు చేరతాం, ఒక్కో పరీక్షకు పాస్ హద్దులు అనుబంధంలో ఇచ్చాం." నేను కమిటీలో ఉంటే, 6 అని రాసిన పాత పేరా కన్నా ఈ పేరాకే నిధులు ఇవ్వమంటాను. ఎలక్ట్రానిక్స్ సర్క్యూట్ బొమ్మ, పాస్ హద్దుల పట్టిక ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ముందుగా వేదిక పొటెన్షియల్ సంగతి మీ గైడ్ గారితో మాట్లాడండి, ఎందుకంటే దాని జవాబును బట్టి మిగతా సర్క్యూట్ మారుతుంది.